పరుగు మధ్యలో ‘ఇక చాలు’ అనేది ఎవరు?

విద్యార్థులారా, మీ పాఠశాల లేదా కళాశాల మైదానంలో ఒక పూర్తి చుట్టు, అంటే 400 మీటర్లు, శక్తికొద్దీ పరుగెత్తిన అనుభవం మీలో చాలామందికి ఉండే ఉంటుంది. మొదటి 100 మీటర్లు గాలిలో తేలినట్లు ఉంటాయి. 200 దాటాక ఊపిరి అందదు. 300 దగ్గర తొడలు బిగుసుకుపోతాయి. కాళ్లకు ఇనుపగుండ్లు కట్టినట్లవుతుంది. ‘ఇక చాలు, నా వల్ల కాదు’ అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే స్నేహితులు మీ పేరు పెట్టి అరుస్తారు. పక్క లేన్‌లోని వారు మిమ్మల్ని దాటబోతారు. ఎక్కడినుంచి వస్తుందో తెలియదు, కాళ్లలో మళ్లీ వేగం వస్తుంది.

ఆ కాస్త బలం ఎక్కడిది? అది ముందునుంచీ మీలోనే ఉంటే, ‘ఇక చాలు’ అని చెప్పిందెవరు? కండరమా, మెదడా? నేను తరగతిలో ఈ పాఠం చెప్పినప్పుడల్లా ఎవరో ఒకరు లేచి, “మనసు గట్టిగా ఉంటే ఎంత దూరమైనా పరుగెత్తవచ్చు కదండీ?” అని అడుగుతుంటారు. ఈ ప్రశ్నకు సరైన జవాబు తెలియక ప్రాణం పోగొట్టుకున్న క్రీడాకారులు ఉన్నారు. అందుకే దీన్ని జాగ్రత్తగా, మెట్టు మెట్టుగా పరిశీలిద్దాం.

కండరం పుచ్చుకునే నాణెం

మనం తిన్న అన్నం, పప్పు, నూనె నేరుగా కండరాన్ని కదిలించలేవు. కండరం పుచ్చుకునే నాణెం ఒక్కటే. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, క్లుప్తంగా ఏటీపీ. ఈ అణువులోని మూడు ఫాస్ఫేట్లలో చివరిది విడిపోయినప్పుడు వెలువడే శక్తితోనే కండరంలోని సన్నని తంతువులు ఒకదాని వెంట ఒకటి జారి, కండరం సంకోచిస్తుంది.

విచిత్రమేమిటంటే, ఇంత ముఖ్యమైన పదార్థం మన శరీరం మొత్తంలో ఏ క్షణాన చూసినా 100 గ్రాములకు మించి ఉండదు. శక్తికొద్దీ పరుగెత్తితే ఆ నిల్వ రెండు మూడు సెకన్లకు సరిపోతుంది. అయినా మీ పరుగు మూడో సెకనులో ఆగిపోవడం లేదు. ఖర్చయిన ఏటీపీని అప్పటికప్పుడు తిరిగి తయారుచేసే ఏర్పాట్లు మూడు ఉన్నాయి.

మొదటిది జేబులోని చిల్లర వంటిది. కండరంలో క్రియాటిన్ ఫాస్ఫేట్ అనే పదార్థం ఉంటుంది. అది తన ఫాస్ఫేట్‌ను ఇచ్చేసి, తక్షణం ఏటీపీని పునర్నిర్మిస్తుంది. చేయి పెడితే దొరుకుతుంది కాని, పది సెకన్లలోపే దాదాపు అయిపోతుంది.

రెండవది ఇంట్లోని బీరువా వంటిది. కండరంలో దాచిన గ్లైకోజన్ అనే పిండి పదార్థాన్ని ఆక్సిజన్ అవసరం లేకుండానే విడగొట్టి ఏటీపీని తయారుచేయడం. దీన్నే గ్లైకాలసిస్ అంటారు. వేగంగా జరుగుతుంది, కాని రాబడి తక్కువ. ఒక గ్లూకోజ్ అణువుకు నికరంగా వచ్చేది 2 ఏటీపీలు మాత్రమే.

మూడవది బ్యాంకు. కణంలోని మైటోకాండ్రియాలు ఆక్సిజన్ సాయంతో అదే గ్లూకోజ్‌ను పూర్తిగా దహనం చేసి సుమారు 30 ఏటీపీలను ఇస్తాయి. కొవ్వును కూడా వాడుకోగలవు. ఇక్కడ డబ్బుకు కొదవ లేదు. కాని కౌంటరు దగ్గర వరుసలో నిలబడాలి. ఊపిరితిత్తులు, గుండె, రక్తనాళాలు ఆక్సిజన్‌ను ఎంత వేగంగా అందిస్తే అంత వేగంగానే పని జరుగుతుంది.

ఈ మూడూ ఒకటి ముగిశాక మరొకటి మొదలవుతాయని అనుకోకండి. మూడూ మొదటి సెకను నుంచే కలిసి పనిచేస్తాయి. కాలం గడిచేకొద్దీ వాటి వాటాలు మారతాయి. శిక్షణ పొందినవారి 400 మీటర్ల పరుగులో సైతం దాదాపు 40 శాతం శక్తి ఆక్సిజన్ సాయంతోనే వస్తుందని కొలతలు చెబుతున్నాయి.

రోమ్‌లో 45 సెకన్లు

ఈ లెక్కను ఒక నిజమైన పందెంలో చూద్దాం. 1960 రోమ్ ఒలింపిక్స్, పురుషుల 400 మీటర్ల ఫైనల్. మన మిల్ఖా సింగ్ 45.6 సెకన్లలో పరుగు ముగించి నాలుగో స్థానంలో నిలిచారు. మూడో స్థానంలో వచ్చిన దక్షిణాఫ్రికా క్రీడాకారుడు మాల్కం స్పెన్స్ సమయం 45.5. పతకానికీ ఆయనకూ మధ్య ఉన్నది సెకనులో పదో వంతు. ముందు వేగంగా పరుగెత్తి, 250 మీటర్ల దగ్గర వేగం కాస్త తగ్గించాననీ, అదే తన పొరపాటనీ మిల్ఖా సింగ్ ఆ తర్వాత ఎన్నోసార్లు చెప్పుకొన్నారు.

ఆయన ఎందుకు తగ్గించాలనుకొని ఉంటారు? 400 మీటర్లు పరుగెత్తేవారి వేగం మొదటి 100 మీటర్లలోనే గరిష్ఠానికి చేరి, అక్కడి నుంచి తగ్గుతూ పోతుంది. చివరలో ఎవరో దూసుకు వచ్చినట్లు మన కంటికి కనబడుతుంది. నిజానికి అందరూ నెమ్మదిస్తూనే ఉంటారు. అందరికంటే తక్కువగా నెమ్మదించినవారే గెలుస్తారు. అంటే మొదట ఎంత ఖర్చు పెట్టాలి, చివరకు ఎంత మిగుల్చుకోవాలి అనే బేరం ప్రతి అడుగులోనూ సాగుతుంటుంది. ఆ బేరం చేసేది మెదడు. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను. అంతకన్నా ముందు, వంద ఏళ్లుగా నింద మోస్తున్న ఒక పదార్థం గురించి చెప్పాలి.

లాక్టిక్ ఆమ్లం నేరస్థురాలా?

గ్లైకాలసిస్ జోరుగా సాగినప్పుడు లాక్టేట్ అనే పదార్థం పెరుగుతుంది. విశ్రాంతిలో ఉన్నప్పుడు లీటరు రక్తంలో లాక్టేట్ సుమారు 1 మిల్లీమోల్ ఉంటుంది. 400 మీటర్ల పోటీ ముగిసిన కొద్ది నిమిషాలకు మేటి క్రీడాకారుల్లో అది 20 దాకా పెరగవచ్చు. కండరాల పనిపై పరిశోధనలకు ఇంగ్లండ్‌కు చెందిన ఆర్చిబాల్డ్ హిల్, జర్మనీకి చెందిన ఆటో మేయర్‌హాఫ్ 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని పంచుకొన్నారు. అలసట పెరిగినప్పుడల్లా లాక్టేట్ పెరగడం కనబడేసరికి, అలసటకు అదే కారణమన్న అభిప్రాయం క్రమంగా పాతుకుపోయింది.

అయితే, దొంగతనం జరిగిన చోట కనబడ్డ ప్రతివాడూ దొంగ కాడు. తీవ్రమైన శ్రమలో ఏటీపీ అతివేగంగా విడిపోతున్నప్పుడు హైడ్రోజన్ అయాన్లు కండరంలో పేరుకుంటాయి. మామూలుగా 7 దగ్గర ఉండే కండరపు పీహెచ్ 6.5 వరకు దిగవచ్చు. దానితోపాటు క్రియాటిన్ ఫాస్ఫేట్ నుంచి విడిపోయిన ఫాస్ఫేట్ కూడా పోగవుతుంది. కండర సంకోచానికి కాల్షియం ఇవ్వవలసిన సంకేతానికి ఇది అడ్డుపడుతుంది. కాళ్లు బరువెక్కడానికి ఇటువంటి కారణాలు అనేకం కలుస్తాయి.

లాక్టేట్ మాత్రం వ్యర్థం కాదు, ఇంధనం. గుండె దాన్ని ఇష్టంగా వాడుకుంటుంది. పక్క కండరాలు, మెదడు కూడా వాడుకుంటాయి. మిగిలినదాన్ని కాలేయం తిరిగి గ్లూకోజ్‌గా మారుస్తుంది. ఈ చక్రాన్ని కనుగొన్న కార్ల్ కోరి, గెర్టీ కోరి దంపతులకు 1947లో నోబెల్ బహుమతి లభించింది. పరుగు ఆపిన గంట, గంటన్నరలో లాక్టేట్ మామూలు స్థాయికి వచ్చేస్తుంది. కాబట్టి మర్నాడు, మూడోనాడు వచ్చే ఒళ్లునొప్పులకు కారణం లాక్టేట్ కాదు. అలవాటు లేని శ్రమ వల్ల కండర తంతువుల్లో కలిగే అతిసూక్ష్మమైన చీలికలు, వాటిని బాగుచేసే ప్రక్రియ ఆ నొప్పికి కారణాలు.

తుపాకి పేలకముందే

ఇప్పుడు మనసు వైపు వద్దాం. పందెం మొదలయ్యే ముందు గీత దగ్గర నిలబడ్డప్పుడు మీ గుండె దడదడలాడుతుంది. ఇంకా ఒక్క అడుగు కూడా వేయలేదు. మరి గుండెకు తొందర ఎందుకు? రాబోయే శ్రమను మెదడు ముందే ఊహించి, మూత్రపిండాల మీద టోపీల్లా కూర్చున్న అధివృక్క గ్రంథులకు కబురు పంపుతుంది. అవి ఎడ్రినలిన్‌ను రక్తంలోకి వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది. శ్వాసమార్గాలు విచ్చుకుంటాయి. కాలేయం గ్లూకోజ్‌ను విడుదల చేస్తుంది. జీర్ణాశయానికి వెళ్లే రక్తం తగ్గి, కండరాలకు వెళ్లేది పెరుగుతుంది. పందెం ముందు కడుపులో తిప్పినట్లుండేది అందువల్లనే. అది పిరికితనం కాదు, శరీరం సిద్ధపడుతున్న గుర్తు.

మెదడులో డోపమిన్ అనే మరో రసాయనం పనిచేస్తుంటుంది. దీన్ని ‘ఆనందపు రసాయనం’ అని పత్రికల్లో రాస్తుంటారు. అయితే పడే కష్టానికి తగిన ఫలం ఉందా లేదా అని మెదడు లెక్కకట్టే పనిలోనూ దీని పాత్ర పెద్దది. మనం ప్రేరణ, పట్టుదల అని పిలిచే గుణానికి ఉన్న రసాయన మూలాల్లో ఇదొకటి.

మెదడు దాచిన నిల్వ

‘ఇక నా వల్ల కాదు’ అనిపించినప్పుడు కండరం నిజంగా ఖాళీ అయిపోయిందా? దీన్ని పరీక్షించిన కొన్ని ప్రయోగాలు చూడండి.

1961లో మిచియో ఇకాయ్, ఆర్థర్ స్టైన్‌హౌస్ అనే పరిశోధకులు, కొందరిని నిమిషానికొకసారి చేతితో యథాశక్తి లాగమన్నారు. మధ్యలో చెప్పకుండా వెనుక తుపాకి పేల్చారు. ఆ వెంటనే లాగినప్పుడు బలం సగటున 7 శాతం పెరిగింది. లాగేటప్పుడు గట్టిగా అరవమంటే 12 శాతం పెరిగింది. అంటే అంతకుముందు వారు ‘యథాశక్తి’ అనుకున్నది పూర్తి శక్తి కాదు.

2010లో శామ్యూల్ మార్కోరా, వాల్టర్ స్టైయానో మరో పరీక్ష చేశారు. రగ్బీ ఆటగాళ్ల చేత వ్యాయామ సైకిల్‌ను 242 వాట్ల స్థాయిలో ఇక తొక్కలేమనే దాకా తొక్కించారు. వారు చేతులెత్తేసిన మరుక్షణమే, అయిదు సెకన్లపాటు ఎంత గట్టిగా తొక్కగలిగితే అంత గట్టిగా తొక్కమన్నారు. వచ్చిన సగటు శక్తి 731 వాట్లు! అలసట లేనప్పుడు ఇచ్చినదానికంటే అది తక్కువే. కాబట్టి కండరం అలసిన మాట నిజం. కాని 242 వాట్ల దగ్గర ఆగిపోవలసినంతగా అలసిపోలేదు.

మూడవది ఇంకా విచిత్రం. 2004లో ఇంగ్లండ్‌లో సుమారు గంటసేపు సైకిల్ పందెం తొక్కేవారికి పిండి పదార్థం కలిపిన నీరు ఇచ్చి, మింగకుండా పుక్కిలించి ఉమ్మేయమన్నారు. ఒక్క చుక్క కడుపులోకి పోలేదు. అయినా వారు సుమారు 3 శాతం వేగంగా పందెం ముగించారు. ఆహారం వస్తోందన్న వార్త నోటినుంచి మెదడుకు అందగానే అది కాస్త ఉదారంగా ఖర్చు పెట్టనిచ్చింది.

దీనికి తిరగబడ్డ ప్రయోగం కూడా ఉంది. 2009లో కొందరి చేత ముందుగా 90 నిమిషాలు ఏకాగ్రత అవసరమైన కంప్యూటర్ పని చేయించి, ఆ తర్వాత సైకిల్ తొక్కించారు. మెదడు అలసిపోని రోజున సగటున 754 సెకన్లు తొక్కినవారు ఆనాడు 640 సెకన్లకే ఆపేశారు. గుండె వేగంలో గాని లాక్టేట్‌లో గాని, తొందరగా ఆపడానికి తగిన కారణం కనబడలేదు. కష్టం మాత్రం ఎక్కువగా అనిపించింది. పరీక్షలకు చదివి చదివి సాయంత్రం మైదానానికి వెళ్లినప్పుడు కాళ్లు కదలకపోవడం బద్ధకం కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మెదడు ఈ లెక్క ఎలా కడుతుందన్న దానిపై శాస్త్రవేత్తల్లో ఇప్పటికీ వాదోపవాదాలున్నాయి. దక్షిణాఫ్రికాకు చెందిన టిమ్ నోక్స్, మెదడులో ఒక నియంత్రణ వ్యవస్థ ఉండి శరీరానికి హాని కలగకముందే వేగం తగ్గిస్తుందని వాదించారు. మార్కోరా మాత్రం మనకు తోచే కష్టమూ, మనకున్న ప్రేరణా కలిసి నిర్ణయిస్తాయంటారు. ఎలా చెప్పినా ఒక్క సంగతి తేలుతుంది. కండరం పూర్తిగా ఆరిపోయేదాకా మనం ఆగడం లేదు. అంతకు ముందే బ్రేకు పడుతోంది. ప్రేరణ ఆ బ్రేకును కాస్త సడలించగలదు.

బ్రేకు ఊడదీస్తే

అయితే ఆ బ్రేకును పూర్తిగా తీసేస్తే ఇంకా వేగంగా పరుగెత్తవచ్చు కదా అని మీకు అనిపించవచ్చు. ఆ పని చేసినవారున్నారు.

1967 జూలై 13న టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పందెంలో బ్రిటిష్ క్రీడాకారుడు టామ్ సింప్సన్ తీవ్రమైన ఎండలో మాంట్ వెంటూ అనే కొండ ఎక్కుతూ పడిపోయాడు. లేచి మళ్లీ ఎక్కాడు. కొద్ది దూరం వెళ్లి మళ్లీ పడ్డాడు, ఇక లేవలేదు. అతని శరీరంలో ఏంఫెటమిన్ అనే ఉత్ప్రేరక మందు, మద్యం ఉన్నట్లు పరీక్షలో తేలింది. ఏంఫెటమిన్ మెదడులో డోపమిన్ వంటి రసాయనాలను పెంచుతుంది. అలసట కప్పబడిపోతుంది. అలసట తెలియడం లేదంటే అలసట లేదని అర్థం కాదు. మరుసటి ఏడాది, 1968 నుంచి ఒలింపిక్స్‌లో మందుల పరీక్షలు మొదలయ్యాయి.

ఇందులోని రసాయనాన్ని 2005లో వెలువడిన ఒక ప్రయోగం స్పష్టం చేసింది. మెదడులో డోపమిన్, నారడ్రినలిన్‌ల ప్రభావాన్ని పెంచే ఒక మందు ఇచ్చి, 30 డిగ్రీల వేడిలో సైకిల్ తొక్కించారు. మందు తీసుకున్నప్పుడు వారు 9 శాతం వేగంగా పని ముగించారు. వారిలో ఎక్కువమందికి శరీర అంతర్భాగపు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటింది. కాని వారికి మామూలుకంటే ఎక్కువ వేడిగా ఉన్నట్లు గాని, ఎక్కువ కష్టంగా ఉన్నట్లు గాని అనిపించలేదు. మందు వారికి కొత్త బలాన్నేమీ ఇవ్వలేదు. ప్రమాదాన్ని తెలిపే గంటను మాత్రం మోగకుండా చేసింది.

40 డిగ్రీలు ఎందుకంత ముఖ్యం? కండరం వాడే శక్తిలో నాలుగో వంతు మాత్రమే కదలికగా మారుతుంది. తక్కినదంతా వేడే. ఆ వేడి చెమట ద్వారా పోవాలి. ఎండ, ఉక్కపోత ఎక్కువగా ఉంటే చెమట ఆరదు, వేడి లోపలే నిలుస్తుంది. 40 డిగ్రీలు దాటి మెదడు పనితీరు తడబడితే దాన్ని వడదెబ్బ అంటాం. చికిత్స ఆలస్యమైతే ప్రాణాంతకం.

ఇది విదేశాల కథ అనుకోకండి. 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ ఉద్యోగాల కోసం 10 కిలోమీటర్ల పరుగు పరీక్షలకు హాజరైనవారిలో పదిమందికి పైగా యువకులు మరణించారు. ఒక్కొక్కరి విషయంలో కారణాలు వేరు కావచ్చు. కాని ఉద్యోగం మీద ఆశ కంటే పెద్ద ప్రేరణ మన యువతకు మరొకటి ఉండదన్నది మనందరికీ తెలిసిన సంగతే. ప్రేరణ ఎంత బలంగా ఉంటే, బ్రేకు చెప్పే మాట అంత తక్కువగా వినబడుతుంది. తెలుగు రాష్ట్రాల్లోనూ పోలీసు ఉద్యోగాలకు 1600 మీటర్ల పరుగుకు సిద్ధమవుతున్న అన్నలు, అక్కలు మీ ఇళ్లలో ఉండే ఉంటారు. ఈ మాట వారికి కూడా చెప్పండి.

మరి పట్టుదల దేనికి?

మనసు బ్రేకును కదిలించగలదు గాని ఇంధనాన్ని తయారుచేయలేదు. ఇంధనపు ఏర్పాట్లను పెంచేది శిక్షణ. నెలల తరబడి క్రమంగా పరుగెత్తితే కండరాల్లో మైటోకాండ్రియాలు పెరుగుతాయి. వాటి చుట్టూ రక్తకేశనాళికలు ఎక్కువవుతాయి. గుండె ఒక్కో స్పందనలో ఎక్కువ రక్తాన్ని పంపుతుంది. ఆమ్లాన్ని తట్టుకునే శక్తి పెరుగుతుంది. వేడిలో కొద్దికొద్దిగా సాధన చేస్తే చెమట తొందరగా పట్టడం కూడా శరీరం నేర్చుకుంటుంది. మెదడు కూడా నేర్చుకుంటుంది. ఎంత ఖర్చు పెడితే ఎంత మిగులుతుందో దానికి అనుభవం వస్తుంది.

1984 లాస్ ఏంజెల్స్‌లో పి.టి. ఉష 400 మీటర్ల హర్డిల్స్‌ను 55.42 సెకన్లలో ముగించి, సెకనులో వందో వంతు తేడాతో పతకం పోగొట్టుకున్నారు. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో వరంగల్ జిల్లా కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి 400 మీటర్ల పరుగును 55.82 సెకన్లలో ముగించి కాంస్యం సాధించారు. ఇంత సన్నని తేడాలు చూసినప్పుడు చివరి క్షణపు పట్టుదలే అన్నీ నిర్ణయిస్తుందని అనిపిస్తుంది. కాని ఆ గీత దాకా వారిని తెచ్చినది, ఎవరూ చూడని వందల ఉదయాలు. పట్టుదలకు అసలైన పని అక్కడ ఉంది. తెల్లవారుజామున లేపడం దాని పని. గుండె మొరపెడుతున్నా వినకుండా పరుగెత్తించడం కాదు.

మీరే చేసి చూడండి

స్వీడన్ శాస్త్రవేత్త గునార్ బోర్గ్, కష్టాన్ని కొలవడానికి 6 నుంచి 20 వరకు అంకెలున్న ఒక కొలమానం తయారుచేశారు. 6 అంటే ఏమాత్రం శ్రమ లేదు, 20 అంటే ఇంతకు మించి సాధ్యం కాదు. చల్లని పూట నెమ్మదిగా అయిదు నిమిషాలు పరుగెత్తండి. ఆగగానే ముందు మీకు తోచిన అంకె రాసుకోండి. తర్వాత మణికట్టు దగ్గర నాడిని 15 సెకన్లు లెక్కించి 4తో గుణించండి. ఆరోగ్యవంతులైన యువకుల్లో, రాసిన అంకెను 10తో గుణిస్తే వచ్చేది నాడి వేగానికి సుమారుగా దగ్గరగా ఉంటుంది. బాగా చదివి అలసిన రోజున, విశ్రాంతి తీసుకున్న రోజున ఇదే పరుగు చేసి రెండు అంకెలనూ పోల్చండి. నాడి మారకుండా మీ అంకె మాత్రమే మారిందనుకోండి, ఆనాడు అలసిపోయినది మీ కాళ్లు కావు.

ఒక్క హెచ్చరిక. పరుగులో ఛాతీలో నొప్పి, తల తిరగడం, ఒళ్లు జలదరించడం, అడుగులు తడబడటం, మాట ముద్దగా రావడం వంటివి కనబడితే వెంటనే ఆగండి. మీ స్నేహితునిలో కనబడితే మీరే ఆపండి, ఎందుకంటే తడబడుతున్న మెదడు తన పరిస్థితి తాను తెలుసుకోలేదు. నీడకు చేర్చి, ఒంటి నిండా చల్లని నీళ్లు పోస్తూ 108కి గాని 112కి గాని ఫోన్ చేయించండి. స్పృహ సరిగా లేనివారికి నోట్లో నీళ్లు పోయవద్దు. అటువంటప్పుడు గట్టు మీద నిలబడి ‘ఇంకొంచెం, ఇంకొంచెం’ అని అరవడం ప్రోత్సాహం కాదు.